జమ్మి మీది మూట: మందుగుండు ఆయుష్షు, కాపలా ధర్మం

మందుగుండుకు ఆయుష్షు ఉంది. ఆ ఆయుష్షు తీరినంత మాత్రాన దాని వల్ల కలిగే ప్రమాదం తీరదు. మందుబిళ్ళకు గడువు దాటితే గుణం తగ్గుతుంది, పిండికి పురుగు పడితే పారబోస్తారు. తూటా సంగతి వేరు. అది పాతబడేకొద్దీ మాట వినడం మానేస్తుంది. పేలవలసిన వేళ పేలదు, పేలకూడని వేళ పేలుతుంది. సత్తువ తగ్గుతున్నా కీడు తగ్గని వస్తువు కనుక దాన్ని నిలవ చేయడం గిడ్డంగి లెక్కలతో ముగిసే పని కాదు, ధర్మవిచారణ కూడా. హాని చేయడానికే పుట్టిన వస్తువును కాపాడే మనిషి ఎవరికి జవాబుదారీ? ఆ జవాబుదారీ ఎప్పటికి తీరుతుంది?

ఈ ప్రశ్నకు ఖతార్ తగిన చోటు. మూడు వైపులా ఉప్పు నీళ్ళు, ఒక వైపు ఎడారి ఉన్న చిన్న దేశం అది. దోహాకు నైరుతిగా ఉన్న అల్ ఉదైద్ వైమానిక స్థావరం పశ్చిమాసియాలో అమెరికా సేనలకు అతి పెద్ద స్థావరం. దోహా శివార్లలోని అస్ సైలియా శిబిరంలో యుద్ధ సామగ్రిని ముందుగానే తెచ్చి గిడ్డంగుల్లో నిలవ చేసేవారు. ఆ నిలవ కేంద్రాన్ని 2021లో మూసేశారు. అదే దేశంలో ఏటా రంజాన్ నెలలో సూర్యాస్తమయ వేళ ఫిరంగి మోగుతుంది. ఆ మోతకు జనం ఖర్జూరం నోట్లో వేసుకుని ఉపవాసం విడుస్తారు. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, గోదావరి, కడప జిల్లాల నుంచి వెళ్ళి అక్కడ బతుకుతున్న తెలుగువాళ్ళకు ఆ మోత పరిచయమే. పాండవులు ఆయుధాలు దాచిన జమ్మి కూడా ఖతార్ నేలలో పెరుగుతుంది. అరబ్బీలో దాని పేరు ఘాఫ్.

ఎండ, చెమ్మ, కాలం

తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున చిన్న దెబ్బకే నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకి మందు, మొనన సీసపు గుండు. ఒక్కో భాగం ఒక్కో తీరుగా ముసలిదవుతుంది. ఇత్తడికి చిలుము పట్టి పచ్చబడుతుంది, నెర్రెలిస్తుంది. ప్రైమర్‌కు చెమ్మ తగిలితే నిప్పు పుట్టదు, పుట్టినా ఆలస్యంగా పుడుతుంది. గుండుకు పెద్దగా ఏమీ కాదు. అసలు చిక్కంతా మందుతోనే.

పాతకాలపు నల్ల తుపాకిమందు సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరినది. పొడిగా ఉంచితే తరాలు గడిచినా చెడదు. దానికి నీళ్ళే శత్రువు. 1884లో పాల్ వియే అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త పొగరాని మందు తయారుచేశాడు. నైట్రోసెల్యులోజ్ దాని ప్రాణం. నల్ల తుపాకిమందు కంటే అది ఎంతో బలమైనది, ఎంతో శుభ్రంగా మండేది. కానీ అది పుట్టిననాటి నుంచే మెల్లమెల్లగా తనను తాను తింటుంది. లోపలి నుంచి నైట్రోజన్ ఆక్సైడు వాయువులు విడుదలవుతాయి. ఆ వాయువులే మిగిలిన మందును మరింత త్వరగా కుళ్ళబెడతాయి. కుళ్ళేకొద్దీ వేడి పుడుతుంది, వేడి పుట్టేకొద్దీ కుళ్ళు పెరుగుతుంది. గుట్టలుగా పేర్చినచోట ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే ఒక రోజున తనంతట తనే అంటుకుంటుంది.

ఈ పాఠాన్ని ఫ్రాన్సు ప్రాణాలిచ్చి నేర్చుకుంది. 1907 మార్చి 12న తులోన్ రేవులో మరమ్మతు కోసం నిలిపిన ఇయెనా అనే యుద్ధనౌక, 1911 సెప్టెంబరు 25న అదే రేవులో లిబెర్తే అనే మరో నౌక తమ కొట్లలోని మందు అంటుకుని పేలిపోయాయి. వందలాది మంది చనిపోయారు. శత్రువు ఎవరూ లేరు, యుద్ధమూ లేదు. పాతబడిన మందే ఆ నౌకలను తినేసింది. విడుదలయ్యే వాయువులను పీల్చుకునేలా డైఫినైలమీన్ వంటి స్టెబిలైజర్‌ను మందులో కలిపే పద్ధతి అటుపైన గట్టిగా నాటుకుంది. అయితే స్టెబిలైజర్ కూడా ఖర్చయిపోయే వస్తువే. దీపంలో నూనె లాంటిది. అది ఎంత మిగిలిందో అప్పుడప్పుడూ పరీక్షించి చూడాలి. తరిగిపోయిందని తెలిస్తే ఆ మందు ఆయుష్షు చెల్లినట్టే.

ఆ నూనె ఎంత త్వరగా ఖర్చవుతుందో ఎండ నిర్ణయిస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే కుళ్ళే వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క. చల్లని దేశంలో దశాబ్దాలు నిలిచే సరుకు ఎడారిలో అన్నేళ్ళు నిలవదు. దోహాలో 2010 జులైలో 50.4 డిగ్రీలు నమోదైంది. అది నీడలో కొలిచిన లెక్క. ఎండలో మూసిపెట్టిన ఇనుప కంటెయినర్ లోపల వేడి అంతకంటే చాలా ఎక్కువ. పగలు కంటెయినర్ లోని గాలి వ్యాకోచించి సందుల్లోంచి బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే బయటి గాలిని లోపలికి లాగుతుంది. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో దోహాలో ఆ గాలి నిండా సముద్రపు తేమే. ఆ రాత్రుల్లో ఏసీ గదుల కిటికీ అద్దాల మీద బయటివైపు నీళ్ళు ధారలు కడతాయి. అదే చెమ్మ ఇత్తడి మీద చిలుముగా, ప్రైమర్‌లో మౌనంగా, మందులో కుళ్ళుగా మారుతుంది.

ఈ ఎండ మనిషి మీద ఏం చేస్తుందో ఖతార్ చట్టానికి తెలుసు. 2021 నుంచి జూన్ 1, సెప్టెంబరు 15 మధ్య ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఆరుబయట పని నిషేధం. భవనాలు కట్టే తెలుగు కూలీ ఆ వేళ నీడకు చేరతాడు. మందుగుండుకు నోరు లేదు, దాహమని అడగదు. దాని తరఫున ఎవరో ఒకరు గడియారం చూడాలి, ఉష్ణమాపకం చూడాలి, చిట్టా రాయాలి. ఆ చూసే మనిషి దగ్గరే ధర్మప్రశ్న మొదలవుతుంది.

జమ్మి కొమ్మ మీద

ఆయుధాలను ఎలా దాచాలో వివరంగా చెప్పిన కథ తెలుగువాళ్ళకు చిన్ననాటి నుంచీ తెలుసు. విరాట పర్వంలో అజ్ఞాతవాసానికి ముందు పాండవులు మత్స్యనగరం పొలిమేరలోని శ్మశానం దగ్గర ఒక పెద్ద జమ్మిచెట్టును ఎంచుకుంటారు. ఆ ఘట్టంలో ప్రతి చర్యకూ ఒక కారణం ఉంది. మొదట విల్లుల అల్లెతాళ్ళు సడలిస్తారు. బిగించి ఉంచిన విల్లు నిలవలో వంగిపోతుంది, కాబట్టి అందులో దాగిన బలాన్ని ముందు విప్పుతారు. తర్వాత నకులుడు చెట్టెక్కి వాన తగలని చోటు చూసి, గట్టి తాళ్ళతో ఆయుధాలను కడతాడు. ఆ పైన ఒక శవాన్ని వేలాడదీస్తారు. ఇది తమ తల్లి శవమని, నూట ఎనభై ఏళ్ళ ముసలమ్మ అని, ఇలా కట్టడం తమ కులాచారమని దారిన పోయే పశువుల కాపరులకు చెబుతారు.

ఈనాటి మందుగుండు గిడ్డంగి నియమాలన్నీ ఈ కథలో బీజంగా ఉన్నాయి. ఊరికి దూరంగా ఉంచాలి. తడి తగలనీయకూడదు. బలాన్ని విప్పి, విడదీసి దాచాలి; ఇవాళ ప్రైమర్లను, పేలుడు పదార్థాలను వేరువేరు గదుల్లో పెట్టడం ఇందుకే. అమాయకుడు దగ్గరికి రాకుండా వాడికి అర్థమయ్యే భాషలో హెచ్చరిక పెట్టాలి. శవం ఆనాటి హెచ్చరిక బోర్డు. పాండవులు దాచింది శత్రువుల కంట పడకూడదని మాత్రమే కాదు. పశువుల కాపరి పిల్లవాడు కుతూహలం కొద్దీ ఆ మూట విప్పకూడదు. దాచినవాడి బాధ్యత తన ఆస్తి దగ్గర ఆగదు. తనకు ఏమీ కాని ఆ పిల్లవాడి దాకా వెళుతుంది.

ఇంకో సంగతి కూడా గమనించదగినది. వాళ్ళు దాచిన గడువు ఒక్క ఏడాది. ఏడాది నిండగానే అర్జునుడు తిరిగి వచ్చి, ఉత్తరుణ్ణి చెట్టెక్కించి ఆయుధాలు దింపిస్తాడు. ఏది ఎవరిదో ఒక్కొక్కటీ పేరుపెట్టి చెబుతాడు. తిరిగి వచ్చే తేదీ లేకుండా, లెక్క లేకుండా దాచడం ఆ కథలో లేదు.

తెలంగాణ రాష్ట్ర వృక్షం జమ్మి. దసరానాడు జనం ఆ చెట్టుకు పూజచేసి, ఆకులు తెంపుకొచ్చి బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు, ఆలింగనం చేసుకుంటారు. పెద్దల కాళ్ళకు మొక్కుతారు. ఆయుధాల మూట వేలాడిన కొమ్మ నుంచే పగలు మరిచిపోయే ఆకు రావడం ఈ సంప్రదాయం లోతును చెబుతుంది. ఆయుధాన్ని భద్రంగా దింపగలిగినవాడికే చేతులు ఖాళీ అవుతాయి, ఖాళీ చేతులతోనే ఎదుటివాణ్ణి కౌగిలించుకోగలడు.

ఆయుధపూజ కూడా అలాంటిదే. వానలు వెనుకబట్టే కాలంలో ఆయుధాలను బయటికి తీసి, తుడిచి, నూనె రాసి, పసుపు కుంకుమ పెడతారు. ఇవాళ మగ్గానికీ, లారీకీ, వెల్డింగ్ మెషీన్‌కీ ఆ పూజ జరుగుతుంది. పూజ పేరిట జరిగేది ఏటేటా ఒకసారి తప్పనిసరి తనిఖీ. చెమ్మ పట్టిందా, తుప్పు పట్టిందా, పిడి వదులైందా అని చూడడానికి దేవుడి పేరు పెట్టుకున్న రోజు అది. భక్తి లేనివాడు కూడా ఆ రోజున వస్తువును చేత్తో ముట్టి చూస్తాడు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారాధ్యక్షుడి విధులకు ఒక అధ్యాయమే ఉంది. ఆయుధాలను తరచు చోటు మార్చాలని, ఎండా గాలీ తగిలేలా చూడాలని, వేడికో చెమ్మకో పురుగుకో చెడుతున్నవాటిని వేరుచేసి మరోలా ఉంచాలని అందులో ఉంది. జాతి, రూపం, లక్షణం, పరిమాణం, వచ్చిన చోటు, విలువ తెలిసి ఉండాలని కూడా ఉంది. ఆ గ్రంథంలో ఇది వీరుడి పని కాదు, లెక్క రాసే అధికారి పని. రాజ్యం ధర్మంగా నడుస్తోందా అని తెలుసుకోవాలంటే యుద్ధభూమి కంటే ముందు ఆయుధాగారపు చిట్టా చూడాలి.

అమానతు

అరబ్బీ నుంచి తెలుగులోకి వచ్చి స్థిరపడ్డ మాటల్లో అమానతు ఒకటి. ఒకరు నమ్మి అప్పగించినదాన్ని తిరిగి ఇచ్చేదాకా కాపాడడం అమానతు. ఇస్లాంలో ఇది వ్యాపార నియమం కంటే పెద్దది, విశ్వాసానికే గుర్తు. అప్పగింతలను వాటి హక్కుదారులకు చేర్చాలని ఖురాన్ నాలుగో సూరా ఆదేశిస్తుంది. మక్కా విడిచి మదీనాకు బయలుదేరే రాత్రి కూడా ప్రవక్త తన దగ్గర దాచుకున్నవారి సొమ్ము తిరిగి ఇవ్వడానికి అలీని అక్కడే ఉంచారని ఇస్లామీ చరిత్ర చెబుతుంది. సొమ్ము దాచుకున్నవాళ్ళలో ఆయన్ను వ్యతిరేకించినవాళ్ళూ ఉన్నారు.

ఆయుధాల భద్రత గురించి హదీసులు సూటిగానే మాట్లాడతాయి. బాణాలు పట్టుకుని మసీదుకో బజారుకో వచ్చేవాడు వాటి మొనలను చేత్తో మూసి పట్టుకోవాలి, పొరపాటున ఎవరికీ గీసుకోకూడదు. ఒర లేని కత్తిని చేతికి అందించకూడదు. రాత్రి పడుకునే ముందు దీపం ఆర్పాలి. ఎలుక వత్తిని లాక్కుపోయి ఇల్లు తగలబెట్టవచ్చు. ఈ మూడింటిలోనూ ఎవరూ ఎవరికీ కీడు తలపెట్టలేదు. బాణం పట్టినవాడు నమాజుకు వచ్చాడు. దీపం పెట్టినవాడు నిద్రపోతున్నాడు. అయినా అక్కడ ఒక ధర్మం ఉంది. తప్పు చేయకపోవడం ఒకటి, తప్పు జరిగే వీలు లేకుండా చేయడం ఇంకొకటి. రెండోది కూడా ఆరాధనలో భాగమేనని ఈ మాటల అర్థం.

ఇంకొకరి సొత్తును దాచేవాడి గురించి ఇస్లామీ ధర్మశాస్త్రం వదీఆ అనే శీర్షిక కింద చర్చించింది. దాచినవాడి చేయి రెండు రకాలు: నమ్మకపు చేయి, పూచీ చేయి. తన సొత్తులాగే జాగ్రత్తగా చూసుకున్నా వరదకో పిడుగుకో వస్తువు పోతే అతను నష్టపరిహారం ఇవ్వనక్కరలేదు. అతనిది నమ్మకపు చేయి. నిర్లక్ష్యం చేసిన క్షణాన అదే చేయి పూచీ చేయిగా మారుతుంది, మొత్తం నష్టం అతనిదే. ఇక్కడ నిర్ణయించేది ఫలితం కాదు, జాగ్రత్త. ఎండలో కుళ్ళుతున్న మందును చూస్తూ ఊరుకున్నవాడు అది పేలకముందే పూచీపడ్డాడు. పేలుడు ఆ పూచీని లోకానికి చూపిస్తుంది, అంతే.

విధి మీద భారం వేయడానికి కూడా ఇక్కడ చోటు లేదు. ఒంటెను కట్టేసి దేవుణ్ణి నమ్మాలా, విప్పి వదిలి నమ్మాలా అని అడిగినవాడికి కట్టేసి నమ్మమని ప్రవక్త చెప్పినట్టు ఒక హదీసు ఉంది. పేలుడు జరిగాక అంతా దైవలీల అనేవాడు ముందు తాడు చూపించాలి.

ఖతార్ చరిత్రలో ఈ బాధ్యత రాతపూర్వకంగానూ కనిపిస్తుంది. 1871 నుంచి దోహాలో ఉన్న ఉస్మానియా (ఒట్టోమన్ తుర్కుల) సైనిక దళం 1915 ఆగస్టులో వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది నవంబరు 3న షేక్ అబ్దుల్లా బిన్ జాసిం అల్ థానీ బ్రిటిష్ వారితో ఒప్పందం చేసుకున్నారు. ఆ రోజుల్లో గల్ఫ్ తీరమంతా తుపాకుల వ్యాపారం జోరుగా సాగేది. ఆ వ్యాపారాన్ని తమ నేల మీద సాగనివ్వకూడదన్నది ఒప్పందంలోని ముఖ్యమైన షరతుల్లో ఒకటి. అందులో సామ్రాజ్య ప్రయోజనం ఉన్నమాట నిజం. దానితోపాటు ఒక సత్యమూ ఉంది: తన రేవులో దిగిన తూటా ఎటు పోతుందో పాలకుడు తెలుసుకోవాలి.

అందరికీ తెలిసిన ప్రమాదం

నిర్లక్ష్యం ఎలా ఉంటుందో చూడడానికి వేసవి ఎండలు మండే మరో చోటు ఉంది. 2009 జనవరిలో మాంచెగోర్స్క్ అనే ఓడ ఇరాన్ నుంచి సిరియాకు సామగ్రి తీసుకుపోతుండగా, ఐక్యరాజ్యసమితి ఆంక్షల ఉల్లంఘన కింద సైప్రస్ దాన్ని ఆపింది. అందులోని 98 కంటెయినర్ల మందుగుండును మారి గ్రామం దగ్గరి నౌకాస్థావరంలో ఆరుబయట ఒకదాని మీద ఒకటి పేర్చారు. రెండు వేసవులు గడిచి మూడో వేసవి వచ్చింది. 2011 జులై మొదట్లో ఒక కంటెయినర్ ఉబ్బింది. లోపలి వాయువులు ఇనుమును వంచాయి. జులై 11న తెల్లవారుజామున మొత్తం పేలింది. పదమూడు మంది చనిపోయారు. వారిలో స్థావరం అధికారులు, మంటలార్పడానికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. పక్కనే ఉన్న వాసిలికోస్ విద్యుత్ కేంద్రం దెబ్బతిని, ద్వీపానికి కావలసిన కరెంటులో దాదాపు సగం పోయింది. రెండేళ్ళ తర్వాత నాటి రక్షణమంత్రిని న్యాయస్థానం దోషిగా తేల్చింది.

ఈ ఉదంతంలో తత్త్వవేత్తను నిలబెట్టే విషయం ఒకటుంది. ఆ సరుకు ఎవరికీ దక్కనిది. పంపినవాళ్ళకు చేరదు, చేరవలసినవాళ్ళకు అందదు, పట్టుకున్నవాళ్ళకు పనికిరాదు. ఉంచితే ఒక దేశానికి కోపం, వదిలేస్తే మరో దేశానికి కోపం. అందుకని నిర్ణయం వాయిదా పడుతూ వచ్చింది. ఉత్తరాలు నడిచాయి, సమావేశాలు జరిగాయి. ప్రమాదం ఉందని కింది నుంచి పై దాకా తెలుసు. తెలిసినవాళ్ళు ఎక్కువయ్యేకొద్దీ చేసేవాడు లేకుండా పోయాడు. పదిమంది చేతిలో పాము చావదన్నట్టు, పదిమంది చేతిలో ఉన్న అమానతు ఎవరి చేతిలోనూ లేనట్టే. కాబట్టి నిలవ ధర్మంలో మొదటి సూత్రం గోడ మందం గురించి కాదు, పేరు గురించి. ఈ గదికి బాధ్యుడు ఫలానా అని ఒక్క పేరు రాసి ఉండాలి, ఆ పేరున్నవాడికి నిర్ణయం తీసుకునే అధికారమూ ఉండాలి.

సైప్రస్ ఒంటరి ఉదాహరణ కాదు. 1979 నుంచి ప్రపంచంలో ఆరు వందలకు పైగా మందుగుండు నిలవలు అనుకోకుండా పేలాయి. భారతదేశంలో 2000 ఏప్రిల్‌లో భరత్‌పూర్, 2016 మేలో పుల్గావ్ డిపోలు తగలబడ్డాయి. పుల్గావ్‌లో మంటలార్పబోయిన సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. ఈ అనుభవాల మీదనే ఐక్యరాజ్యసమితి 2011లో మందుగుండు నిర్వహణకు అంతర్జాతీయ మార్గదర్శకాలు వెలువరించింది. తయారీ నుంచి నాశనం దాకా మొత్తం జీవితానికి బాధ్యత వహించాలనే ప్రపంచ విధానాన్ని 2023లో సర్వసభ్య సభ ఆమోదించింది.

అహింసావాది అభ్యంతరం

దీనంతటికీ గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. చెడ్డ వస్తువును మంచిగా దాచడంలో పుణ్యం ఏముంటుంది? బౌద్ధం ఆయుధాల వ్యాపారాన్ని చేయకూడని వృత్తుల్లో మొదట చెప్పింది. ఆ బోధ కృష్ణాతీరాన నాగార్జునకొండలో, అమరావతిలో శతాబ్దాలు వినబడింది. ఆ దృష్టితో చూస్తే చల్లని గదిలో పొడిగా ఉంచిన తూటా రేపు మరింత కచ్చితంగా ఒకరి గుండెలో దిగుతుంది. నిలవదారు శ్రద్ధ హంతకుడి చేతికి సాయం అవుతుంది.

ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చకూడదు. ఆయుధాన్ని తయారు చేయాలా, కొనాలా, ప్రయోగించాలా అన్న ప్రశ్నలకు అది సరైన చోట నిలబడి అడ్డుపడుతుంది. అయితే నిలవ ప్రశ్న వాటన్నిటి తర్వాత వస్తుంది. తూటా ఇప్పటికే ఉంది. దాన్ని ద్వేషించినా ఉంది, గౌరవించినా ఉంది. అహింసావాదికే రేపు రాజ్యం చేతికి వచ్చినా, మొదటి ఉదయాన అతని ముందు నిలిచేది పాతవాళ్ళు వదిలిన మందుగుండు గుట్ట. దాన్ని నిర్లక్ష్యం చేస్తే అహింస సిద్ధించదు, ఆ గుట్ట పక్క ఊళ్ళో పిల్లలు చనిపోతారు. ప్రయోగించే ధర్మం శత్రువుకు సంబంధించింది. నిలవ చేసే ధర్మం పొరుగువాడికి సంబంధించింది. శత్రుత్వం విషయంలో మతాలూ దేశాలూ విడిపోవచ్చు. పొరుగువాడి విషయంలో విడిపోవడానికి ఏ సిద్ధాంతమూ కారణం చూపలేదు.

సముద్రంలో పారేసిన రెండు ఆయుధాలు

కాపలా చివరి మెట్టు, ఆయుష్షు తీరినదాన్ని వదిలించుకోవడం. అక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. భారత కథలో ఆయుధాలను సముద్రంలో వేసిన ఘట్టాలు రెండున్నాయి. వాటి ఫలితాలు వేరు.

మొదటిది ముసలం. మునుల శాపంతో పుట్టిన ఇనుప రోకలిని యాదవులు భయపడి పొడిగా అరగదీసి సముద్రంలో కలిపారు. పీడ విరగడైందనుకున్నారు. ఆ పొడి ఒడ్డుకు కొట్టుకొచ్చి తుంగగా మొలిచింది. అరగని ముక్క ఒక చేప కడుపులో పడి, చివరికి బోయవాడి బాణానికి మొన అయింది. తుంగ పరకలతో యాదవులు ఒకరినొకరు కొట్టుకు చచ్చారు, ఆ బాణం కృష్ణుడి పాదంలో దిగింది. ఇంటి కలహాన్ని ముసలం పుట్టిందనడం తెలుగు నుడికారం అయిపోయింది.

ఇరవయ్యో శతాబ్దం ఈ కథను అక్షరాలా నడిపింది. రెండు ప్రపంచయుద్ధాల తర్వాత మిగిలిన మందుగుండును దేశాలు సముద్రాల్లో గుమ్మరించాయి. స్కాట్లాండ్‌కూ ఉత్తర ఐర్లాండ్‌కూ మధ్య ఉన్న బోఫోర్ట్స్ డైక్ అనే అగాధంలో పది లక్షల టన్నులకు పైగా వేశారు. 1995లో అక్కడ గ్యాస్ పైపులు వేస్తున్నప్పుడు కదిలిన భాస్వరపు బాంబులు వేలకొద్దీ స్కాట్లాండ్ ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. పారేసినవాళ్ళు వయసుమళ్ళి వెళ్ళిపోయాక, యుద్ధం ఎరగని పిల్లలు ఆడుకునే ఒడ్డుకు అవి చేరాయి. ఒక హానిని అలాంటి మరో హానితో తొలగించకూడదన్నది ఇస్లామీ న్యాయసూత్రాల్లో ఒకటి. ఉస్మానియా న్యాయస్మృతి మెజెల్లె దాన్ని నియమంగా పొందుపరిచింది. సముద్రంలో పారేయడం ఆ సూత్రానికి సరిగ్గా విరుద్ధం. కళ్ళ ముందున్న హానిని తర్వాతి తరం కళ్ళ ముందుకు జరపడమే అది.

రెండోది గాండీవం. కృష్ణుడి నిర్యాణం తర్వాత ద్వారక స్త్రీలను వెంటబెట్టుకు వస్తున్న అర్జునుణ్ణి దొంగలు అడ్డగించారు. విల్లు ఎక్కుపెట్టడమే కష్టమైంది, అస్త్రాలు గుర్తుకు రాలేదు, అక్షయ తూణీరాల్లో బాణాలు అయిపోయాయి. దివ్యాయుధానికీ ఆయుష్షు ఉందని ఆ రోజు తెలిసింది. అయినా మహాప్రస్థానంలో అర్జునుడు గాండీవాన్ని భుజాన వేసుకునే నడిచాడు. రత్నం మీది ఆశ లాంటిదే అతన్ని వదలనివ్వలేదు. అగ్ని ఎదురుగా నిలిచి, ఖాండవ దహనం కోసం వరుణుడి నుంచి తెచ్చి ఇచ్చిన విల్లును వరుణుడికే తిరిగి ఇవ్వమన్నాడు. అప్పుడు అర్జునుడు విల్లునూ తూణీరాలనూ నీళ్ళలో విడిచాడు.

యాదవులూ సముద్రంలోనే వేశారు, అర్జునుడూ సముద్రంలోనే వేశాడు. వాళ్ళు దాచిపెట్టారు, ఇతను అప్పగించాడు. వాళ్ళు భయంతో ఆనవాలు చెరిపారు, ఇతను ఎవరి దగ్గర నుంచి వచ్చిందో వాళ్ళకే లెక్క చెప్పి ఇచ్చాడు. వదిలించుకోవడానికీ అప్పు తీర్చడానికీ ఉన్న తేడా ఇదే. ఈనాటి భాషలో అప్పగించడమంటే తూటాను విప్పి ఇత్తడిని కొలిమికి, సీసాన్ని కరిగించడానికి పంపడం, మందును నిపుణుల పర్యవేక్షణలో కాల్చడం, ప్రతి పెట్టెకూ చిట్టాలో చివరి గీత గీయడం. ఆ ఖర్చు భరించడానికి ప్రభుత్వాలు వెనకాడతాయి. ఎప్పటికైనా అక్కరకొస్తుందన్న ఆశ గాండీవాన్ని వదలని ఆశ లాంటిదే. ఆ ఆశను జయించడం కూడా కాపలాదారు సాధనలో భాగం.

గుండు లేని ఫిరంగి

రంజాన్ ఫిరంగి ఆచారం కైరోలో పుట్టిందని, అక్కడి నుంచి ముస్లిం దేశాలకు పాకిందని చెప్పుకుంటారు. గడియారాలు లేని కాలంలో ఊరి చివరి ఇంటికి కూడా వినబడే గొంతు ఫిరంగిదే. దోహాలో ఇమామ్ ముహమ్మద్ బిన్ అబ్దుల్ వహ్హాబ్ మసీదు దగ్గర, సూక్ వాఖిఫ్‌లో, కటారాలో ఈ ఆచారం నడుస్తోంది. సాయంత్రం పిల్లలు ముందుగానే వచ్చి తాడు గీతకు ఇవతల నిలబడతారు. యూనిఫాం వేసుకున్నవాళ్ళు గుండు లేని, మందు మాత్రమే ఉన్న తూటాను ఫిరంగిలో పెట్టి మూస్తారు. మసీదు మీద వెలుగు పలచబడుతుంది. పిల్లలు చెవులు మూసుకుంటారు. సూర్యుడు దిగిన నిమిషాన మోత, తెల్లటి పొగ, ఆ వెనకే అజాన్. పొగ చెదిరేలోపు ఖర్జూరాల పొట్లాలు విప్పుతారు.

ఆ తూటాలో ఉన్నదీ అదే జాతి మందు. దాన్నీ ఎండకు దూరంగా, చెమ్మకు దూరంగా ఉంచాలి. తేడా అంతా గురిలో ఉంది. దానికి శత్రువు లేడు. ఆకలితో ఉన్నవాడికి ఇక తినవచ్చని చెప్పడమే దాని పని. మిగతా మందుగుండు అక్కర రాకూడదని కోరుకుంటూ ఏళ్ళ తరబడి దాచేది. ఇది ఈ సాయంత్రమే ఖర్చు కావడానికి పెట్టుకున్నది. ఒక సమాజం తన దగ్గరున్న అగ్నిని ఏ పనికి మళ్ళించగలదో చెప్పడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడికి తేలుతుంది. కాపలాదారు జవాబుదారీ అప్పగించిన యజమానికి మాత్రమే కాదు, గోడ అవతల నిద్రపోయే పొరుగువాడికి కూడా. ఆ జవాబుదారీ వస్తువు సత్తువతోపాటు తగ్గదు. వస్తువు ముసలిదయ్యేకొద్దీ పెరుగుతుంది. ఒక పేరు మీద తీసుకోవాలి, ఏటా తెరిచి చూడాలి, కాలం చెల్లిందని తెలిసిన రోజున ఆశ పెట్టుకోకుండా విప్పి అప్పగించాలి. ఈ మూడూ జరిగేదాకా అది అమానతే. అజాన్ ముగిశాక ఫిరంగి తలుపు తెరిచి ఖాళీ తొడుగును బయటికి తీస్తారు. అందులో ఇక మందు లేదు, దానికి కాపలా అక్కరలేదు. కాపలాదారు రుణం తీరేది అప్పుడే.